సీసాలు కడిగిన చేతులు
లూయీ జాక్ థెనార్డ్ (1777–1857) జీవితం

మన మొఘల్‌పురా నుంచి చార్మినార్ మీదుగా ఛత్తా బజార్ వైపు వెళ్లినా, గురువారం నాడు పురానాపూల్ దగ్గరి జుమ్మెరాత్ బజార్‌కు వెళ్లినా పాత సామాన్లు కనబడతాయి. టేప్‌రికార్డర్లు, కంప్యూటర్ కీబోర్డులు, టెలిఫోన్లు, చిన్న టీవీలు. కొన్న రోజున అవి తెల్లగానో, లేత బూడిదరంగులోనో మెరిసి ఉంటాయి. ఇప్పుడు పసుపు రాసినట్టు ఉంటాయి. కొన్ని మరీ ముదిరి బెల్లం రంగుకు వస్తాయి. చాలామంది దాన్ని మురికి అనుకుంటారు. సబ్బు పెట్టి రుద్దుతారు. మురికి పోతుంది గానీ పసుపు పోదు.

ఆ పసుపును తగ్గించే మందు ఒకటి ఉంది. అది మెడికల్ షాపులో దొరుకుతుంది. గాయం మీద పోస్తే బుసబుస పొంగేది అదే. జుట్టు రంగు మార్చడానికి సెలూన్లలో వాడేది అదే. ఇంటర్ కెమిస్ట్రీలో వాల్యూమ్ లెక్కలతో మనల్ని తిప్పలు పెట్టేది కూడా అదే. దాని పేరు హైడ్రోజన్ పెరాక్సైడ్. దాన్ని మొట్టమొదట తయారు చేసి ప్రపంచానికి చూపించినవాడు ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రవేత్త లూయీ జాక్ థెనార్డ్. ఫ్రెంచివాళ్లు పేరు చివరి అక్షరం పలకరు, తెనార్ అంటారు. మన పుస్తకాల్లో థెనార్డ్ అని ఉంటుంది కాబట్టి ఇక్కడ కూడా అలాగే రాస్తున్నాను.

పాఠ్యపుస్తకంలో ఆయన పేరు ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది. ఆ వాక్యం వెనుక ఉన్న మనిషి నెలకు ఇరవై ఫ్రాంకుల ఫీజు కట్టలేక, ఒక ఇంట్లో పొయ్యి దగ్గర మంట చూసుకుంటూ, ప్రయోగశాలలో సీసాలు కడుగుతూ చదువుకున్నవాడు. హాస్టల్లో చదువుతున్న తమ్ముళ్లకు, చదివి వెళ్లిన అన్నలకు ఈ జీవితం తెలియాలి.

రైతు ఇంటి పిల్లవాడు

థెనార్డ్ 1777 మే 4న ఫ్రాన్సులోని షాంపేన్ ప్రాంతంలో లా లూప్తియేర్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి పేద రైతు. అయినా కొడుకును చదివించాలన్న పట్టుదల ఆయనకు ఉంది. దగ్గరి పట్టణమైన సాన్స్‌లో బడికి పంపాడు. తరువాత మందుల తయారీ నేర్చుకొమ్మని పారిస్‌కు పంపాడు. అప్పటికి కుర్రవాడికి పదహారు పదిహేడేళ్లు. 1789లో మొదలైన ఫ్రెంచి విప్లవం దేశాన్ని అతలాకుతలం చేస్తున్న రోజులవి. రాజు తల తెగిపోయింది, పాత చదువుల సంస్థలు మూతపడ్డాయి, కొత్తవి పుడుతున్నాయి. తిండి దొరకడమే కష్టంగా ఉన్న పారిస్‌లో ఊరి నుంచి వచ్చిన ఒక పిల్లవాడు చవక గది చూసుకుని కాలుపెట్టాడు.

ఊరి నుంచి నగరానికి చదువుకు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ మొదటి రోజులు ఎలా ఉంటాయో తెలుసు. మాట్లాడితే యాస బయటపడుతుంది. బట్టలు చూసి లెక్క కడతారు. చేతిలో డబ్బు రోజురోజుకూ తగ్గిపోతుంది. థెనార్డ్ పరిస్థితి కూడా అంతే. కాని ఆయన ఒక పని మానలేదు. ఆ రోజుల్లో పారిస్‌లో పేరుపొందిన ఫూర్‌క్రువా, వోక్‌లాన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తల ఉపన్యాసాలకు వెళ్లి శ్రద్ధగా విన్నాడు.

విన్నకొద్దీ ఒక సంగతి అర్థమైంది. రసాయన శాస్త్రం చెవులతో వస్తే సగమే వస్తుంది. మిగిలిన సగం చేతులతో రావాలి. చేతులతో రావాలంటే ప్రయోగశాలలో చోటు కావాలి. వోక్‌లాన్ తన ప్రయోగశాలలో విద్యార్థులను చేర్చుకునేవాడు. దానికి నెలకు ఇరవై ఫ్రాంకులు కట్టాలి. థెనార్డ్ దగ్గర అంత డబ్బు లేదు.

వోక్‌లాన్ ఇంట్లో చోటు

ఆయన నేరుగా వోక్‌లాన్ దగ్గరకే వెళ్లి తన పరిస్థితి చెప్పుకున్నాడు. ఫీజు కట్టలేనని, ఏ పని చెప్పినా చేస్తానని బతిమాలాడు. వోక్‌లాన్ మొదట ఒప్పుకోలేదు. అప్పుడు ఆ ఇంటి అక్కచెల్లెళ్లు మధ్యలో కలగజేసుకున్నారు. కుర్రవాడు బుద్ధిమంతుడిలా ఉన్నాడని, ప్రయోగశాలలో పనికి పనికొస్తాడని, పైగా పొయ్యి మీద ఉడికే కూరను కూడా చూసుకుంటాడని నచ్చజెప్పారు. ఫ్రెంచి ఇళ్లలో మాంసం, కూరగాయలు కలిపి సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికించే వంటకం ఒకటి ఉంటుంది. మన పాతబస్తీ నిహారీకి పట్టినంత ఓపిక దానికీ కావాలి. మంట పెరిగితే పాడవుతుంది, తగ్గితే ఉడకదు. ఆ మంట చూసుకునే పని, గాజు సామాను కడిగే పని థెనార్డ్‌కు దొరికాయి. వాటితో పాటు ప్రయోగశాల తలుపు కూడా తెరుచుకుంది.

వోక్‌లాన్ సంగతి కూడా రెండు మాటల్లో చెప్పుకోవాలి. ఆయన నార్మండీ ప్రాంతపు పల్లెలో పేద ఇంట పుట్టినవాడే. చిన్నప్పుడు రువాన్ పట్టణంలో ఒక మందుల దుకాణంలో పనికుర్రాడిగా ఉన్నాడు. తరువాత పారిస్ వచ్చి ఫూర్‌క్రువా అండతో పైకి వచ్చాడు. 1797లో క్రోమియం మూలకాన్ని కనిపెట్టాడు. ఒకరు చెయ్యి అందిస్తే వోక్‌లాన్ పైకి వచ్చాడు, వోక్‌లాన్ చెయ్యి అందిస్తే థెనార్డ్ పైకి వచ్చాడు. ఈ వరస మనకు కొత్త కాదు. పదో తరగతి తప్పుతాడనుకున్న పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పిన సీనియర్లు మన హాస్టల్లో ప్రతి బ్యాచ్‌లోనూ ఉన్నారు.

సీసాలు కడగడం చిన్న పనిలా కనిపిస్తుంది. రసాయన శాస్త్రంలో అది చిన్న పని కాదు. సీసాలో పాత పదార్థం ఆవగింజంత మిగిలినా కొత్త ప్రయోగం తప్పుతుంది. ఏ గాజుకు ఏది అంటుకుంది, ఏది నీటితో పోతుంది, ఏది ఆమ్లంతో పోతుంది, ఏది దేనితోనూ పోదు అనేది కడిగేవాడికే బాగా తెలుస్తుంది. థెనార్డ్ తన జీవితంలో చేసిన గొప్ప పనులన్నిటిలోనూ ఈ శుభ్రత, ఈ ఓపిక కనబడతాయి.

పాఠం చెప్పే పని

రెండు మూడేళ్లలోనే ఆయన గురువు రాని రోజున గురువు బదులు నిలబడి పాఠం చెప్పే స్థాయికి వచ్చాడు. ఆ పాఠాలు నచ్చి 1797లో ఫూర్‌క్రువా, వోక్‌లాన్ ఇద్దరూ ఒక బడిలో రసాయన శాస్త్రం చెప్పే ఉద్యోగం ఇప్పించారు. 1798లో ఎకోల్ పాలిటెక్నిక్‌లో సహాయకుడిగా చేరాడు. విప్లవం తరువాత 1794లో స్థాపించిన ఈ సంస్థ ఫ్రాన్సులో ఇంజనీర్లకూ శాస్త్రవేత్తలకూ పుట్టినిల్లు. 1804లో వోక్‌లాన్ కాలేజ్ ద ఫ్రాన్స్‌లో తన ప్రొఫెసర్ పదవిని వదులుకుని, దాన్ని థెనార్డ్‌కు ఇప్పించాడు. అప్పటికి శిష్యుడి వయసు 27 ఏళ్లు. పొయ్యి దగ్గర కూర్చున్న కుర్రాడు పదేళ్లలో గురువు కుర్చీలో కూర్చున్నాడు.

1809 చివర్లో ఫూర్‌క్రువా చనిపోయాడు. మరుసటి సంవత్సరం ఆయన స్థానాలు కూడా థెనార్డ్‌కే వచ్చాయి. ఎకోల్ పాలిటెక్నిక్‌లో, పారిస్ విశ్వవిద్యాలయపు సైన్స్ విభాగంలో రసాయన శాస్త్ర ప్రొఫెసర్ అయ్యాడు. ఫ్రెంచి సైన్స్ అకాడమీ సభ్యుడయ్యాడు.

నీలి రంగు, ఒక స్నేహం

ఆ రోజుల్లో చిత్రకారులు వాడే మంచి నీలి రంగు అఫ్గానిస్తాన్ కొండల్లో దొరికే లాజవర్ద్ రాయిని నూరి తయారయ్యేది. అది మహా ఖరీదు. చవకలో అలాంటి నీలం కావాలని అప్పటి మంత్రి షాప్టాల్ థెనార్డ్‌ను కోరాడు. షాప్టాల్ స్వయంగా రసాయన శాస్త్రవేత్త. పింగాణీ పాత్రల మీద కోబాల్ట్ వల్ల నీలం వస్తుందని అప్పటికే తెలుసు. థెనార్డ్ కోబాల్ట్ లవణాలను అల్యూమినియం సమ్మేళనంతో కలిపి కాల్చి, వెలుతురుకు వెలిసిపోని నీలి రంగును తయారు చేశాడు. దాన్ని థెనార్డ్ నీలం అంటారు. కోబాల్ట్ బ్లూ అని రంగుల డబ్బాల మీద ఈనాటికీ ఉంటుంది. ప్రయోగశాలలో అల్యూమినియాన్ని గుర్తించే పరీక్షలో వచ్చే నీలి రంగు కూడా అదే.

ఎకోల్ పాలిటెక్నిక్‌లోనే ఆయనకు గే లూసాక్‌తో స్నేహం కుదిరింది. వాయువుల నియమం మనం చదువుకున్న గే లూసాక్ ఆయనే. 1807లో ఇంగ్లాండులో హంఫ్రీ డేవీ విద్యుత్తు సహాయంతో పొటాషియం లోహాన్ని వేరు చేశాడు. 1808లో ఈ ఇద్దరు మిత్రులు విద్యుత్తు లేకుండా, ఎర్రగా కాల్చిన ఇనుముతో పొటాష్‌ను విడగొట్టి అదే లోహాన్ని ఎక్కువ మొత్తంలో తయారు చేశారు. అదే సంవత్సరం బోరాన్‌ను కూడా వేరు చేశారు. ఆ పనుల్లో జరిగిన ఒక పేలుడులో గే లూసాక్ కళ్లకు దెబ్బ తగిలింది. ఈనాడు కళ్లద్దాలు పెట్టుకోకుండా ప్రయోగం చేయవద్దని లెక్చరర్లు అరిచేది ఇలాంటివి జరిగాయి గనకనే.

1813 నుంచి 1816 వరకు థెనార్డ్ నాలుగు సంపుటాల రసాయన శాస్త్ర పాఠ్యగ్రంథం రాశాడు. పాతికేళ్ల పాటు అదే ప్రామాణిక గ్రంథంగా నిలిచింది.

1818: ఆక్సిజన్ నిండిన నీరు

ఆయనకు శాశ్వత కీర్తి తెచ్చిన పని 1818లో జరిగింది. బేరియం పెరాక్సైడ్ అనే పొడిని చల్లని ఆమ్లంలో కొద్దికొద్దిగా కలుపుతూ పోయాడు. పొడిలోని ఎక్కువ ఆక్సిజన్ వాయువుగా బయటికి పోకుండా ద్రవంలోనే నిలిచిపోయింది. ఆమ్లమే ఆక్సిజన్‌ను తీసుకుందని ఆయన మొదట అనుకున్నాడు, అలాగే ప్రకటించాడు. తరువాత ద్రవం నుంచి ఆమ్లాన్ని పూర్తిగా తీసేసి చూశాడు. అయినా ఆ గుణం పోలేదు. ఆక్సిజన్‌ను పట్టుకున్నది ఆమ్లం కాదు, నీరేనని తేలింది. అప్పుడు తన మొదటి మాటను తానే సరిదిద్దుకుని, దానికి ఆక్సిజన్ చేరిన నీరు అని పేరు పెట్టాడు. ఫ్రెంచి భాషలో ఈనాటికీ అదే పేరు వాడుకలో ఉంది. తాను అచ్చు వేయించిన మాట తప్పని ప్రయోగం చెబితే, పేరు పోతుందని చూడకుండా దిద్దుకునేవాడే శాస్త్రవేత్త.

ఆ ద్రవాన్ని చిక్కగా చేయడం ఇంకా కష్టం. వేడి చేస్తే విడిపోతుంది. దుమ్ము పడితే విడిపోతుంది. అందుకని ఐసుతో చల్లబరుస్తూ, గాలి తీసేసిన గాజు గంట కింద, పక్కన గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పెట్టి, నీటి ఆవిరిని మాత్రమే మెల్లమెల్లగా లాగేశాడు. చివరికి తన పరిమాణానికి 475 రెట్లు ఆక్సిజన్ ఇచ్చే ద్రవం తయారైంది. మనం చేసే వాల్యూమ్ లెక్క ఇదే. 20 వాల్యూమ్ అంటే ఒక లీటరు ద్రవం విడిపోతే 20 లీటర్ల ఆక్సిజన్ వస్తుందని అర్థం. 10 వాల్యూమ్ దాదాపు 3 శాతం, 20 వాల్యూమ్ దాదాపు 6 శాతం, 40 వాల్యూమ్ దాదాపు 12 శాతం.

ఇంకో వింత కూడా ఆయన గమనించాడు. వెండి, బంగారం, ప్లాటినం పొడులు, మాంగనీస్ డయాక్సైడ్ తగిలితే ఈ ద్రవం ఒక్కసారిగా పొంగి విడిపోతుంది. ఆ పొడులు మాత్రం ఏమీ కావు. రక్తంలోని ఫైబ్రిన్ కూడా అలాగే చేసింది. ఇలాంటి చర్యలకు 1835లో బెర్జీలియస్ ఉత్ప్రేరణ అని పేరు పెట్టాడు. పేరు పెట్టడానికి చాలా ముందే దాన్ని ఓపికగా చూసి రాసిపెట్టినవాళ్లలో థెనార్డ్ ఒకడు.

నల్లబడ్డ బొమ్మ మళ్లీ తెల్లబడింది

ఈ కొత్త నీరు దేనికి పనికొస్తుంది? మొదటి జవాబుల్లో ఒకటి పాత వస్తువుల నుంచే వచ్చింది. ఇటలీ చిత్రకారుడు రాఫెల్ గీసిన ఒక బొమ్మలో తెల్లని చోట్లు కాలక్రమంలో నల్లబడిపోయాయి. ఆ తెలుపు సీసం నుంచి చేసిన రంగు. గాలిలోని గంధకపు వాయువులు తగిలి అది నల్లని లెడ్ సల్ఫైడ్‌గా మారింది. థెనార్డ్ పలచటి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను ఆ మచ్చల మీద రాయించాడు. నలుపు పోయి తెలుపు వచ్చింది, కాగితం చెడలేదు.

ఇక్కడ జరిగింది కడగడం కాదు. నల్లని లెడ్ సల్ఫైడ్ తెల్లని లెడ్ సల్ఫేట్‌గా మారింది. నలుపులో ఉన్న సీసం అక్కడే ఉంది, దాని రూపం మారింది. మచ్చ ఎందుకు వచ్చిందో తెలుసుకుని, దానికి తగిన మందు వేశాడు. సీసాలు కడిగిన చేతికి కడగడానికీ మార్చడానికీ ఉన్న తేడా బాగా తెలుసు. ఇంటర్ పుస్తకంలో లెడ్ సల్ఫైడ్ సమీకరణం చదివేటప్పుడు ఈ బొమ్మ గుర్తు చేసుకోండి, ఇక మరిచిపోరు.

అదే మందు, మన కాలపు పసుపు

థెనార్డ్ కాలంలో ప్లాస్టిక్ లేదు, కంప్యూటర్ లేదు. 2008లో యూరప్‌లో పాత కంప్యూటర్లు సేకరించేవాళ్లు పసుపెక్కిన డబ్బాలను మళ్లీ తెల్లగా చేయడానికి ఆయన కనిపెట్టిన ద్రవాన్నే పట్టుకున్నారు. హైడ్రోజన్ పెరాక్సైడ్, దాని మీద అతినీలలోహిత కాంతి లేదా ఎండ. పద్ధతి అంతే. పాత రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగు చేసేవాళ్లు పాతబస్తీలో ఉన్నారు. మన పిల్లల్లో ఐటీఐ, పాలిటెక్నిక్ చదివి రిపేరు పనిలోకి వెళ్లేవాళ్లూ ఉన్నారు. కనుక దీన్ని కాస్త వివరంగా రాస్తాను.

1980, 90 దశకాల కంప్యూటర్లు, కీబోర్డులు, టెలిఫోన్లు ఎక్కువగా ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి. అందులో గట్టిదనం ఇచ్చే భాగాలతో పాటు దెబ్బకు పగలకుండా రబ్బరు లాంటి భాగం ఉంటుంది. మంట అంటుకోకుండా బ్రోమిన్ సమ్మేళనాలు కలిపేవారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, వేడి, గాలిలోని ఆక్సిజన్ కలిసి ఏళ్ల తరబడి ఆ రబ్బరు భాగాన్ని, ఆ సమ్మేళనాలను మారుస్తాయి. అప్పుడు పుట్టే కొత్త అణువులు నీలి కాంతిని మింగేస్తాయి. మిగిలిన కాంతి మన కంటికి పసుపుగా కనిపిస్తుంది. ఒకే కీబోర్డులో కొన్ని మీటలు తెల్లగా, కొన్ని పసుపుగా ఉండేది అందుకే. వాటి ప్లాస్టిక్ వేరు, లేదా వాటి మీద పడిన ఎండ వేరు.

పెరాక్సైడ్ ఆ పసుపు అణువులను రంగులేనివిగా మారుస్తుంది. రాఫెల్ బొమ్మలో జరిగినట్టే మచ్చ రూపం మారుతుంది. పని చేసే తీరు ఇది. ముందు స్క్రూలు విప్పి లోపలి సర్క్యూటు, వైర్లు, స్ప్రింగులు, లోహపు ముక్కలు అన్నీ తీసేయాలి. పిక్చర్ ట్యూబు ఉన్న పాత టీవీని మాత్రం తెలిసినవాళ్లు లేకుండా విప్పవద్దు, ప్లగ్గు తీసేసినా లోపల ప్రాణం తీసే కరెంటు నిలిచి ఉండవచ్చు. ఖాళీ ప్లాస్టిక్ డబ్బాను సబ్బునీటితో కడగాలి. సబ్బుతో పోయే జిడ్డు, పొగ మరకలు అక్కడే పోతాయి. అసలు పసుపు ఎంతో అప్పుడు తెలుస్తుంది.

తరువాత 6 నుంచి 12 శాతం ద్రవంలో ఆ ముక్క మొత్తం మునిగేలా పెట్టి ఎండలో ఉంచాలి. గంటకోసారి చూసి తిప్పాలి. కొన్ని గంటల్లో మార్పు కనిపిస్తుంది, ముదిరిన పసుపుకు రెండో రోజు కూడా పట్టవచ్చు. ముంచడానికి వీలుకాని పెద్ద ముక్కలకు సెలూన్లలో వాడే పెరాక్సైడ్ క్రీము రాసి పల్చటి పాలిథీన్ కవరు చుడతారు. క్రీము ఒకచోట ఎండి ఒకచోట తడిగా ఉంటే చారలు పడతాయి. అవి పడ్డాక తీయడం పసుపు తీయడం కన్నా కష్టం. పని అయ్యాక మంచినీళ్లతో బాగా కడిగి నీడలో ఆరబెట్టాలి.

హైదరాబాద్ వేసవి ఎండకు ఒక జాగ్రత్త అదనంగా కావాలి. థెనార్డ్ ఐసు ఎందుకు పెట్టాడో ఇక్కడ అర్థమవుతుంది. వేడికి ఈ ద్రవం త్వరగా విడిపోయి ఆక్సిజన్ వదులుతుంది. గట్టిగా బిగించిన సీసాలో, మూత పెట్టిన డబ్బాలో ఆ వాయువు చేరితే పగిలిపోతుంది. చేతులకు రబ్బరు గ్లోవ్స్, కళ్లకు అద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. 12 శాతం ద్రవం చర్మాన్ని కాల్చి తెల్లగా చేస్తుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. ఫ్యాక్టరీల్లో వాడే 30 శాతం ద్రవం జోలికి పిల్లలు అసలు పోవద్దు. వెనిగర్, అసిటోన్, ఇంకే ద్రావణంతోనూ దీన్ని కలపవద్దు. పాత రేడియోల గోధుమరంగు బేక్‌లైట్ డబ్బాలకు, చెక్కకు, లోహానికి ఈ మందు పనికిరాదు. డబ్బా మీద అచ్చువేసిన అక్షరాలు, రంగుల గుర్తులు కూడా వెలిసిపోవచ్చు.

ఇంకొక నిజం కూడా చెప్పాలి. ఈ తెలుపు శాశ్వతం కాదు. కొన్ని వస్తువులకు కొన్ని నెలల్లో, కొన్నిటికి కొన్నేళ్లలో పసుపు తిరిగి వస్తుంది. చీకట్లో దాచినా వచ్చినవి ఉన్నాయి. పెరాక్సైడ్ రంగును మారుస్తుంది తప్ప పెళుసెక్కిన ప్లాస్టిక్‌కు మళ్లీ బలం ఇవ్వదు. ఎక్కువసార్లు చేస్తే పైపొర ఇంకా దెబ్బతింటుంది. కాబట్టి బాగు చేసి అమ్మేవాడు ఆ సంగతి కొనేవాడికి చెప్పి అమ్మాలి. కొత్తదని చెప్పి అమ్మితే అది మోసం. బాగు చేసిన పాతదని చెప్పి అమ్మితే అది పనితనం, దానికి గిట్టుబాటు ధర అడగడంలో సిగ్గుపడాల్సింది లేదు.

విద్యార్థులే ముందు

మళ్లీ థెనార్డ్ జీవితానికి వద్దాం. ఎన్ని కనిపెట్టినా ఆయన తనను మొదట ఉపాధ్యాయుడిగానే చూసుకున్నాడు. ప్రొఫెసర్, సహాయకులు, ప్రయోగశాల అన్నీ విద్యార్థుల కోసమే ఉన్నాయని, అవసరమైతే వాళ్ల కోసం అన్నిటినీ వదులుకోవాలని ఆయన నమ్మకం. ఆయన పాఠానికి హాలు నిండిపోయేది. ప్రతి పాఠంలో ప్రయోగం చేసి చూపించేవాడు, ప్రయోగం సరిగ్గా సాగకపోతే సహాయకుల మీద కేకలు వేసేవాడు. కోపం ఎంతో మనసు అంత మెత్తన అని శిష్యులకు తెలుసు.

ఆయన గురించి పదేపదే చెప్పుకునే సంఘటన ఒకటి ఉంది. ఒకసారి పాఠం చెబుతూ, బల్ల మీద ఉన్న పంచదార నీళ్ల గ్లాసు అనుకుని మెర్క్యూరిక్ క్లోరైడ్ ద్రావణం ఉన్న గ్లాసు ఎత్తి గుటక వేశాడు. అది భయంకరమైన విషం. వెంటనే గ్రహించాడు. కంగారు పడకుండా తాను విషం తాగానని చెప్పి, కోడిగుడ్లు తెమ్మన్నాడు. గుడ్డులోని తెల్లసొన ఆ విషాన్ని పట్టుకుంటుందని ఆయనకు తెలుసు. విద్యార్థులు పరుగులు తీసి చుట్టుపక్కల ఇళ్లలో, దుకాణాల్లో దొరికిన గుడ్లన్నీ పట్టుకొచ్చారు. ఆయన బతికాడు. చదువు ఆ రోజు ఆయనను రెండు విధాలుగా కాపాడింది. ఆయన నేర్చుకున్నది ఒకటి, ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లల ప్రేమ ఒకటి. ప్రయోగశాలలో తాగే నీళ్లు పెట్టకూడదు, పేరు రాయని సీసా ఉంచకూడదు అన్న నియమాలు ఎందుకో కూడా దీనితో తెలుస్తుంది.

ఆయన 1814లో పెళ్లి చేసుకున్నాడు. భార్య కోంటే అనే శాస్త్రవేత్త మనవరాలు. గ్రాఫైట్ పొడిని బంకమట్టితో కలిపి కాల్చి ఈనాటి పెన్సిల్‌కు దారి చూపిన కోంటే ఆయనే.

గౌరవాలు, చివరి పని

1825లో రాజు పదవ చార్లెస్ ఆయనకు బారన్ బిరుదు ఇచ్చాడు. 1827 నుంచి 1830 వరకు యోన్ జిల్లా తరఫున చట్టసభలో కూర్చున్నాడు. 1832లో లూయీ ఫిలిప్ రాజు ఎగువసభ సభ్యుడిని చేశాడు. దేశ విద్యామండలి ఉపాధ్యక్షుడిగా ఫ్రాన్సులో సైన్స్ చదువులు ఎలా సాగాలో నిర్ణయించిన పెద్దల్లో ఒకడయ్యాడు. రాజులు మారారు, ప్రభుత్వాలు కూలాయి, రైతు కొడుకు తన పని తాను చేసుకుంటూ పోయాడు.

ఇన్ని బిరుదుల మధ్య కూడా ఆయన ఇరవై ఫ్రాంకుల సంగతి మరిచిపోలేదనడానికి ఆయన చివరి పనే సాక్ష్యం. శాస్త్రం కోసం జీవితమంతా ధారపోసి, డబ్బు కూడబెట్టలేక కన్నుమూసిన శాస్త్రవేత్తలు ఆ రోజుల్లో ఎందరో ఉన్నారు. వాళ్ల భార్యాబిడ్డలు ఇబ్బందుల పాలయ్యేవారు. అలాంటి కుటుంబాలను ఆదుకోవడానికి 1857లో శాస్త్ర మిత్రుల సహాయ సంఘాన్ని థెనార్డ్ స్థాపించాడు. అప్పటికి ఆయనకు దాదాపు 80 ఏళ్లు. ఆ సంవత్సరమే జూన్ 21న పారిస్‌లో కన్నుమూశాడు.

1861లో ఆయన చిన్నప్పుడు చదివిన సాన్స్ పట్టణంలో విగ్రహం నిలబెట్టారు. 1865లో ఆయన పుట్టిన ఊరి పేరును లా లూప్తియేర్ థెనార్డ్‌గా మార్చారు. 1889లో పారిస్‌లో ఈఫిల్ టవర్ కట్టినప్పుడు దాని మీద 72 మంది ఫ్రెంచి శాస్త్రవేత్తలు, ఇంజనీర్ల పేర్లు చెక్కారు. అందులో థెనార్డ్ పేరు ఉంది. స్నేహితుడు గే లూసాక్ పేరు, నీలి రంగు అడిగిన షాప్టాల్ పేరు కూడా ఉన్నాయి. చేరదీసిన గురువు వోక్‌లాన్ పేరు మాత్రం లేదు. ఫీజు లేకుండా తలుపు తీసిన మనిషి పేరు ఏ గోపురం మీదా ఉండదు, తలుపు తీయించుకున్నవాడి జీవితంలోనే ఉంటుంది.

మనం చేయగలిగింది

తమ్ముళ్లారా, మీలో కొందరు సెలవుల్లో హోటల్లో ప్లేట్లు కడుగుతారు. కొందరు రిపేరు షాపులో ఉస్తాద్ దగ్గర టూల్స్ అందిస్తారు. ఆ పని చేస్తున్నందుకు తల దించుకోవద్దు. అయితే కళ్లు మూసుకుని కూడా చేయవద్దు. ఆ మరక ఏమిటి, ఎందుకు పడింది, దేనితో పోతుంది, పోయిందా లేక రూపం మారిందా అని అడుగుతూ చేయండి. థెనార్డ్ సీసాలు కడిగినందుకు గొప్పవాడు కాలేదు, కడుగుతూ ఈ ప్రశ్నలు వదలనందుకు అయ్యాడు.

అన్నలారా, అక్కలారా, మీరు ఉద్యోగాల్లో, వ్యాపారాల్లో స్థిరపడి ఈ సంచిక చదువుతుంటారు. వోక్‌లాన్ ఇంట్లో ఆ రోజు కావలసింది ఇరవై ఫ్రాంకులు, ఒక మంచి మాట. ఈ రోజు మన హాస్టల్లో కావలసింది ఒక పరీక్ష ఫీజు, ఒక టూల్‌కిట్, ఒక జత సేఫ్టీ కళ్లద్దాలు, ఒక ఆదివారం పూట వచ్చి కూర్చుని చెప్పే రెండు గంటల పాఠం. ఈ వార్షికోత్సవానికి వచ్చిన ప్రతి పూర్వ విద్యార్థి ఒక్క పిల్లవాడి విషయం చూసుకుంటే చాలు. ఎవరిని చూసుకోవాలో వార్డెన్ గారిని అడిగితే చెబుతారు.